ప్రేక్షకులును, నటుల నేపథ్యమును



నేడు నేను ముచ్చటింప బూనిన విషయము మన రచ్చబండలమీద సాధారణముగా వినబడునది కాదు. థాయిలాండు, జపాను, కొరియా, చైనా దేశములలో గత పది పండ్రెండేండ్లుగా నొక తెగ నాటకములు మిక్కిలి వ్యాపించినవి. వానిలో నాయకుడును పురుషుడే, నాయికాస్థానమున నున్నవాడును పురుషుడే. ఇరువురు యువకుల నడుమ నంకురించిన ప్రణయమే యితివృత్తము. వీనిని 'బాయ్స్ లవ్' నాటకములందురు. ఇవి పందిరి వేసి యాడునవి కావు. వారమునకొక భాగము చొప్పున టెలివిజనులోను, సెల్లుఫోనులోను వచ్చునవి. చూచువారిలో నధికసంఖ్యాకులు స్త్రీలు.

"మా కెందుకయ్యా యీ గొడవ?" యని మీలో కొందరనవచ్చును. మీ యింట సెల్లుఫోను చేతబట్టిన చదువుకొన్న పిల్ల యున్నయెడల మీకును దీనితో సంబంధము గలదు. మా మనుమరాలు డిగ్రీ చదువుచున్నది. ఆమె ద్వారముననే నాకీ నాటకముల పరిచయము కలిగినది. థాయి భాషలోని నమస్కార వాక్యములును, బంధువాచకములును ఆమెకు నాలుగు దినములలో వచ్చినవి. రామశబ్దమునకు మాత్రము నాలుగు మాసములు పట్టినది. అది యట్లుండనిండు.

ఈ నాటకముల వస్తువు మీలో ననేకులకు రుచింపకపోవచ్చును. దానినిగూర్చి మిమ్ము నొప్పింపజేయుట నేటి నా యుద్దేశము కాదు. ఆ నటుల విషయమున ప్రేక్షకులు ప్రవర్తించుచున్న తీరును గూర్చియే నేను చెప్పదలచినది. అది ముప్పదినాలుగేండ్లు పిల్లలకు నాటకములు బోధించిన నావంటివాని నాలోచింపజేయు విషయము.

మొదట వీని పుట్టుక. 1970 ప్రాంతముల జపానుదేశమున కొందరు యువతులు బాలికలకొరకు బొమ్మలకథలు వ్రాయ నారంభించిరి. వారిలో హాగియో మోతో యను నామె 1974లోను, తకెమియా కేయికో యను నామె 1976లోను వెలువరించిన కథలలో పాఠశాల వసతిగృహములందలి బాలుర నడుమ ప్రణయమును చిత్రించిరి. స్త్రీలు స్త్రీలకొరకు వ్రాసిన పురుషప్రణయ కథలన్నమాట. ఆడుపిల్ల కథలో నున్నయెడల పెండ్లి, అత్తవారు, పరువు మున్నగునవన్నియు వెంటనే వచ్చి కూర్చుండును. ఇరువురును బాలురైనచో ప్రణయమునందు సమానత్వమును జూపుటకు వీలు గలుగునని ఆ కథల నభిమానించువారు చెప్పుదురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు.

అక్కడనుండి యీ సంప్రదాయము థాయిలాండు చేరినది. పూర్వము మనము సయాము అనుచుండిన దేశమది. వారి పాతరాజధాని పేరు అయుత్థయ, అనగా మన అయోధ్యయే. వారి రాజులు రామనామధారులు. వారి రామాయణము 'రామకియెన్'. దానిని 'ఖోన్' అను ముసుగుల నాట్యముగా నాడుదురు. పూర్వము దానిలో సమస్తపాత్రలను పురుషులే ధరించెడివారు. ఇట్టి దేశమున 2014లో 'లవ్ సిక్', 2016లో 'సోటస్', 2020లో 'టుగెదర్' అను ధారావాహికలు వచ్చినవి. కడపటిది వచ్చుసరికి ప్రపంచమంతయు కరోనా మహమ్మారికి వెరచి తలుపులు మూసికొని కూర్చున్నది. యూట్యూబులో నాంగ్లానువాదముతో నది యుచితముగా దొరకెను. ఇక చెప్పవలయునా? పొరుగు దేశములలోను, ఖండాంతరములలోను దానికి ప్రేక్షకులేర్పడిరి.

నాటకము ముగియగానే తెర దించి యెవరి యిండ్లకు వారు పోవుట మన మెరిగిన పద్ధతి. అచ్చట నట్లు కాదు. థాయి భాషలో 'ఖూ జిన్' అను మాట యొకటి గలదు. 'ఖూ' యనగా జంట. 'జిన్' అనునది ఊహ అను నర్థముగల యాంగ్లపదమునకు వికృతి. ఊహాదంపతులు అని మనము తెనిగించుకొనవచ్చును. నాటకమున ప్రేమికులుగా నటించిన యిరువురు యువకులను, నాటకము ముగిసిన పిమ్మటగూడ, నాటకమును నిర్మించిన సంస్థవారు జంటగానే త్రిప్పుదురు. సబ్బు ప్రకటన యైనను, బిస్కత్తు ప్రకటన యైనను ఇరువురును గలిసియే కనబడవలెను. టిక్కెట్టు పెట్టి అభిమానులతో సమావేశములు జరుపుదురు. ఆ వేదికపై వారు చేతులు పట్టుకొనుటయు, ఒకరి నోట నొకరు తినుబండారము పెట్టుటయు నుండును. చూచువారు కేకలు వేయుదురు. అది నటనయో, స్నేహమో, మరియొకటియో యెవరును తేల్చి చెప్పరు. చెప్పకుండుటయే వ్యాపార రహస్యము. సందేహము నిలిచియున్నంతకాలము టిక్కెట్లు తెగును.

ఇట్లు సంవత్సరముల తరబడి సందేహమును మేపగా మేపగా కొందరికది నిశ్చయమై కూర్చుండును. అప్పుడు వారిలో నొక నటు డేదో భోజనశాలలో నొక యువతితో గనబడెననుకొనుడు. "మమ్ము వంచించితివి" అని కొందరు దుఃఖింతురు. కొందరు వాని నాటకములు చూడమని శపథము పట్టుదురు. మరికొందరు ఆ యువతి యెవరో, యే యూరో, తలిదండ్రు లెవరో తవ్వి తీయుదురు. జంటను ఆరాధించువారికిని, జంటలో నొక్కనిని మాత్రమే ఆరాధించువారికిని నడుమ జరుగు కలహము వేరొకటి. మన శైవవైష్ణవ వాదములు దానిముందు చల్లని మాటలు.

ఇచ్చట నాకు అలంకారశాస్త్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. భరతముని రసమును గూర్చి చెప్పిన సూత్రముపై వ్యాఖ్యాతలు కొన్ని శతాబ్దములు వాదించిరి. రస మెక్కడ నున్నది? రంగముపై రాముడు సీతకై దుఃఖించుచున్నాడు. ఆ దుఃఖము నిజముగా నెవరిది? భట్టలోల్లటుడు అది ముఖ్యముగా రామునియందున్నదనెను; నటుడు తనను రామునిగా ననుసంధానము చేసికొనుటవలన నటునియందును దోచుననెను. శంకుకు డొప్పుకొనలేదు. ఆయన చిత్రతురగన్యాయమును జెప్పెను. గోడపై వ్రాసిన గుర్రమును జూచి మనము గుర్రమందుము. అది నిజమైన గుర్రమని భ్రాంతి కాదు, గుర్రమో కాదో యను సందేహమును కాదు, గుర్రమువలె నున్నదను పోలికయు కాదు. వీనికన్నిటికిని భిన్నమైన యొక జ్ఞానమది. భట్టనాయకుడు మరింత ముందునకు బోయి సాధారణీకరణమను దానిని ప్రతిపాదించెను. నాటకమున కనబడు ప్రేమ ఫలానా వ్యక్తి ప్రేమ కాదు; ఆ ఫలానాతనము రాలిపోయినప్పుడే యది రుచించును. కడపట కాశ్మీరదేశస్థుడైన అభినవగుప్తుడు, నేటికి వేయి సంవత్సరముల క్రిందట, రసము సహృదయుని హృదయముననే వెలుగునని తేల్చెను.

ఈ చర్చను నేను మనుమరాలికి చెప్పగా నామె కొంతసేపూరకుండి, "అయితే తాతయ్యా, మా వాళ్లు ఇంకా లోల్లటుడి దగ్గరే ఆగిపోయారన్నమాట" అనెను. నేను దిద్దవలసివచ్చినది. లోల్లటుడు రసమును రామునియందు జూచెను గాని రామునివేషము గట్టినవాని యింటికి బోయి వెదకలేదు. వీరు చేయుచున్నది యే వ్యాఖ్యాతయు నూహింపనిది. తమ హృదయమున వెలిగిన దీపమునకు నూనె యెక్కడిదని నటుని పడకగదిలో వెదకుట.

నాట్యశాస్త్రమున ప్రథమాధ్యాయమందలి కథ మీలో గొందరెరిగినదే. మొట్టమొదటి నాటకము ఇంద్రధ్వజోత్సవమున జరిగినది. ఇతివృత్తము దేవతలచేత దానవులు పరాజితులగుట. సభలో దానవులును గూర్చుండిరి. వారికి రోషము వచ్చి, విఘ్నులతో గూడి, మాయచేత నటుల మాటను, కదలికను, జ్ఞాపకశక్తిని స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండముతో వారిని చితుకగొట్టెను. అంతటితో వారూరకుండలేదు. అప్పుడు బ్రహ్మ విశ్వకర్మను బిలిచి నాట్యగృహమును నిర్మింపజేసి, దాని నలుదెసల దేవతలను కావలి యుంచెను. ఆ పిమ్మట దానవులను బిలిచి, నాట్యము మీ చరిత్రయు కాదు, దేవతల చరిత్రయు కాదు, ముల్లోకముల భావముల ననుకీర్తించునదని సామవాక్యములతో నచ్చజెప్పెను.

ఈ కథలో నేను పిల్లల దృష్టికి తెచ్చుచుండినది యిది. నాటకశాల పుట్టినది ప్రేక్షకులకు ఎండ తగులకుండుటకు కాదు. ప్రేక్షకులనుండి నటులను గాపాడుటకు! ఆ శాలలో వెనుకభాగమున నేపథ్యగృహము గలదు. దానికిని రంగమునకును నడుమ రెండు ద్వారములు చెప్పబడినవి. వానిగుండ నటులు రంగమునకు వత్తురు, పోవుదురు. ప్రేక్షకుడు లోనికి బోవుటకు శాస్త్రము త్రోవ యుంచలేదు. నేటి నటులకు నాటకశాల లేదు. వారి రంగము మన యరచేతిలోని సెల్లుఫోను. ఆ ఫోనులోనే వారి యిల్లును, తల్లియు, చెల్లెలును, పదేండ్లక్రింద వ్రాసిన చిల్లరమాటలును గలవు.

ఏమి జరిగినదో రెండు మూడు దృష్టాంతములు చెప్పెదను. 'టుగెదర్' నాటకమున నాయకుడైన బ్రైట్ వజిరవిత్ అను నటుడు 2020 ఏప్రిలు నెలలో ట్విట్టరునందు ఎవరో ప్రకటించిన కొన్ని నగరముల ఛాయాచిత్రములను మెచ్చుకొనెను. వానిక్రింద హాంగుకాంగు ఒక దేశముగా బేర్కొనబడి యుండెను. చైనాలోని యభిమానులు మండిపడిరి. అతడు క్షమాపణ చెప్పుకొనెను. అది చాలలేదు. అతని ప్రియురాలని చెప్పబడిన యువతి పూర్వ మెన్నడో ఇన్‌స్టాగ్రామునందు వ్రాసిన మాటలను వెదకి వెలికిదీసి యామెను దూషించిరి. థాయి యువకులు ప్రతిదూషణమునకు దిగిరి. హాంగుకాంగు, తైవాను యువకులు వారికి దోడైరి. ఆ మూడు ప్రాంతములవారును పాలు కలిపిన టీ త్రాగువారగుటచే దీనికి 'పాలటీ కూటమి' యని పేరు వచ్చినది. కడకు బ్యాంకాకునందలి చైనా రాయబార కార్యాలయము ప్రకటన చేయవలసివచ్చెను. ఒక ప్రేమకథలో నటించినవాని ప్రియురాలెవరో తెలిసికొన గోరిన కుతూహలము దేశముల నడుమ తగవుగా బరిణమించినది.

చైనాదేశపు కథ మరియొక తీరు. అచ్చట 2016లో 'అడిక్టెడ్' అను నాటకమును ముగియకమునుపే తొలగించిరి. 2019లో 'ది అన్‌టేమ్డ్' అను నాటకము వచ్చినది. మూలనవలలో నది పురుషప్రణయమే. ప్రభుత్వ నియమములకు వెరచి నాటకమున మైత్రిగా మార్చిరి. దాని నటుడు షియావో జాన్ మిగుల ప్రసిద్ధుడాయెను. అతని నొక కల్పితకథలో స్త్రీవేషముతో, మర్యాదకు దూరముగా నెవరో చిత్రించిరని అతని యభిమానులే 2020 ఫిబ్రవరిలో ప్రభుత్వమునకు ఫిర్యాదులు చేసిరి. ఆ కథలను భద్రపరచు విదేశీ గ్రంథాలయ మొకటి ఆ నెలాఖరునకు చైనాలో నందకుండ బోయినది. ఆ గ్రంథాలయమును బ్రేమించినవా రందరును గినుకవహించి, షియావో జాన్ ప్రకటించు వస్తువులను బహిష్కరించిరి. ఇందులో నతడు చేసిన నేరమేమి? ఒక్క మాటయు నాడలేదు. 2021లో ఆ ప్రభుత్వము స్త్రైణవేషధారులైన నటులను టెలివిజనులో జూపరాదని శాసించినది. అటుపిమ్మట నట్టి నాటకముల దారి దాదాపుగా మూతబడినది.

ఇక మూడవది ఆసియా దేశములది కాదు, ఇంగ్లండుది. వస్తువు మాత్ర మదియే గావున జెప్పుచున్నాను. 2022లో వచ్చిన 'హార్ట్‌స్టాపర్' అను నాటకమున కిట్ కానర్ అను బాలకుడు బాలుని బ్రేమించు విద్యార్థిగా నటించెను. తరువాత నతడొక నటీమణి చేయి పట్టుకొని నడచుచున్న ఛాయాచిత్రము వెలువడినది. "నీవు స్వయముగా నట్టివాడవు కానప్పుడు ఆ పాత్ర నేల ధరించితివి? మమ్ము మోసగించితివి" అని వేలకొలది జనులు నిలదీసిరి. ఆ బాలుని వయస్సు పదునెనిమిది. అతడు ట్విట్టరును విడిచిపెట్టి, అక్టోబరు 31వ తేదీన తిరిగివచ్చి, తనకు స్త్రీపురుషు లిరువురియందును ప్రేమ గలుగునని ప్రకటించి, పదునెనిమిదేండ్లవానిచే నీ మాట బలవంతముగా బలికించితిరని యెత్తిపొడిచి వెడలిపోయెను. అట్టి నాటకమును బ్రేమించినవారే యీ పని చేసిరి. ఎవనికి వాడు తనకు దగిన సమయమున, తనకు నమ్మకమైనవారితో జెప్పుకొనవలసినదని బోధించు కథ యది!

ఆ నిలదీసినవారి పక్షమున నొక మాట గలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. థాయిలాండులో నిట్టి జంటలకథలతో సంస్థలు ధనము గడించుచుండగా, ఆ దేశమున నిజముగా నట్టి జీవితము గడపుచున్నవారికి వివాహమాడు హక్కు 2025 జనవరి 23వ తేదీవరకును లేదు. "మా బ్రతుకులతో వ్యాపారము చేయుదురు, మావారికి పాత్రల నీయరు" అని వారనినచో ఆ యడుగుటలో తప్పు లేదు. అడుగవలసినది సంస్థలను, శాసనకర్తలను. నటుని బట్టుకొని "నీవెవరవు?" అని యడిగినచో వాడేమి చెప్పగలడు? కాదన్నచో వంచకుడు. అవునన్నచో తల్లికి తెలియునంతకుమున్నే లోకమునకు దెలిసినట్లగును. మౌనము వహించినచో ఆ మౌనమునకు వేయి వ్యాఖ్యానములు. వానికి వానిగూర్చియే యింకను నిశ్చయము లేకపోవచ్చును. ఇరువదియేండ్లవానికి సర్వము నిశ్చయముగా దెలిసియుండునా?

మనదేశమున 2017 ఆగష్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పినది. ఎవరియందు బ్రేమ గలుగునన్నది ఆ గోప్యతలోనిదేయని అందు స్పష్టముగా బేర్కొన్నది. మరుసటి యేడు సెప్టెంబరు 6వ తేదీన, యుక్తవయస్కులైన పురుషు లిరువురి పరస్పరాంగీకార సంబంధము నేరము కాదని సుప్రీముకోర్టే చెప్పినది. కొరియాలో నటుల వ్యక్తిగత జీవితమును వెంటాడువారిని 'ససేంగ్' అందురు. ఇండ్లముందు కావలి కాయుట, విమానములో ప్రక్క సీటు కొనుట వారి విద్యలు. ఆ దేశమున వెంటాడుటను శిక్షించు శాసనము 2021 అక్టోబరు 21న అమలునకు వచ్చినది. అది నటులకొరకే పుట్టినది కాదు గాని వారికిని బనికివచ్చుచున్నది.

మనవారు దీనికి దూరులని చెప్పలేను. తిరుపతి యాత్రకు బోయినవారు అటనుండి మద్రాసు పోయి నందమూరి తారకరామారావుగారి యింటిముందు నిలువబడి దర్శనము చేసికొనుట ప్రసిద్ధమే. 1957లో 'మాయాబజారు'లో కృష్ణుడుగా గనబడిన పిమ్మట ఆయన చిత్రపటము పూజగదులలోనికి వచ్చినది. కాని మనకు వేరొక పాఠమును గలదు. బాపట్ల వాస్తవ్యులు స్థానం నరసింహారావుగారు దశాబ్దములు సత్యభామగా, చిత్రాంగిగా నటించిరి. 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను జూచి స్త్రీలే నడక నేర్చుకొనవలెననిరి. ఆ భామను వలపించిన కృష్ణపాత్రధారియు పురుషుడే. మన పెద్దలు మూడు జాములు కూర్చుండి ఆ ప్రణయకలహమును జూచి, తెల్లవారి పొలములకు బోయిరి. వేషము తీసిన పిమ్మట ఆ యిరువురు నెట్లుందురో యను విచారణ మా యూరిలో నెవరును జేయగా నేను వినలేదు. అట్లని ఆనాటి ప్రేక్షకులు మహాత్ములనియు నేను చెప్పను. కంపెనీవారు ఆ ప్రశ్నను టిక్కెట్టు పెట్టి యమ్మలేదు. అంతియే భేదము.

అందుచేత నేను పిల్లలను మాత్రమే నిందింపజాలను. వేదికపై చేతులు పట్టించి, ఆ చేతులమీద నాలుగు సంవత్సరములు రాబడి తిని, యొకనాడు "అభిమానులు నటుల స్వవిషయములలో జోక్యము చేసికొనరాదు" అని ప్రకటన పత్రము వెలువరించు సంస్థను ఏమనవలెను? తలుపు తెరచి రుసుము వసూలు చేసినవాడే లోనికి వచ్చినవానిని దొంగయనుచున్నాడు.

అభిమానమంతయు నిట్లే యుండునని తలపకుడు. విద్యార్థినులు రాత్రులు మేల్కొని, కూలి పుచ్చుకొనక, ఈ నాటకములను పది భాషలలోనికి బరివర్తించుచున్నారు. థాయిలాండులో కొరియా గాయకుల నభిమానించు యువతులు తమ గాయకుని పుట్టినదినమునకు పట్టణ రైలుస్థానములలో పెట్టించు ప్రకటనలను మాని, మహమ్మారివలన బేరములు లేక కుమిలిన 'టుక్‌టుక్' బండ్లవారికి ఆ సొమ్మిచ్చి, వారి బండ్లమీద ఆ పటములు కట్టించిరి. టుక్‌టుక్ అనగా మన ఆటో వంటిదే. ఆ బండ్లవారికి ఆ గాయకుడెవరో తెలియదు. పిల్లవాడు చక్కగా నున్నాడని మాత్రము తెలిసినది.

మా మనుమరాలును, ఆమెవంటి కొందరు బాలికలును కలిసి యొక నియమము పెట్టుకొనిరట. నటుని యింటి యొద్దగాని, విమానాశ్రయమునగాని, ఆసుపత్రియొద్దగాని దొంగచాటుగా దీసిన ఛాయాచిత్ర మెవరు పంపినను వారు చూడకయే తుడిచివేయుదురు, మరియొకరికి పంపరు. నాటకములోని దృశ్యములను గూర్చి మాత్రము తెల్లవార్లు వాదించుకొనవచ్చును. నియమము పెట్టిననాడు కొందరలిగి విడిచిపోయిరట. "పోయినవాళ్లు మళ్లీ వచ్చారా?" యని యడిగితిని. ఇద్దరు వచ్చిరనియు, వారిలో నొకతె ఇప్పుడు అందరికంటె గట్టిగా కావలి కాయుచున్నదనియు చెప్పినది.